గోడకి తల కొట్టుకునే నార్న్‌లు

నార్న్ అనేది ఒక జంతువు. పెద్ద కళ్ళు, గుబురు తోక, రెండు కాళ్ళ నడక. 1996 నవంబరులో, ఇంగ్లండ్‌లో, క్రీచర్స్ అనే కంప్యూటర్ గేమ్‌లో పుట్టింది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లకి మాటలు మనమే నేర్పాలి. ఏది తిండో, ఏది బొమ్మో చూపించాలి. బుద్ధిగా ఉంటే చక్కిలిగింత పెట్టొచ్చు, తిక్కగా ఉంటే ఒక్క దెబ్బ వెయ్యొచ్చు. అది పెరిగి పెద్దదవుతుంది, పిల్లల్ని కంటుంది, ముసలిదై చచ్చిపోతుంది. ఈ ఆటలో గెలవడం, ఓడిపోవడం అంటూ ఏమీ లేవు.

ఈ నార్న్‌లలో కొన్నిటికి ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. కడుపులో ఆకలి, పక్కనే తిండి. అయినా తినదు. నడుచుకుంటూ వెళ్ళి గోడకి గుద్దుకుంటుంది. వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ వెళ్ళి గుద్దుకుంటుంది. ఆడేవాళ్ళు దీనికి 'వాల్‌బాంకింగ్' అని పేరు పెట్టుకున్నారు. 1998లో క్రీచర్స్ 2 వచ్చాక సంగతి ఇంకా ముదిరింది. పుట్టిన దగ్గర్నుంచీ చలాకీగా, చెప్పిన మాట వింటూ పెరిగిన నార్న్ సుమారు గంట వయసు రాగానే మొద్దుబారిపోయేది. తిండి ముందు నిలబడి మాడిపోయేది, చేసిన పనే చేస్తూ ఉండేది. దీనికీ ఒక పేరొచ్చింది: వన్ అవర్ స్టుపిడిటీ సిండ్రోమ్. గంట మొద్దుతనం జబ్బు అనుకోండి.

నేను రోజూ చేసే పనిలో ఇలాంటిది కనిపిస్తే 'బగ్' అని రాసి పడేస్తాం. బగ్ రాయడానికి ఒక పద్ధతి ఉంది. మూడు గళ్ళు నింపాలి: ఏమేం చేస్తే ఇది వస్తుంది, నిజానికి ఏం జరగాలి, తీరా ఏం జరిగింది. క్రీచర్స్ చరిత్ర చదువుతున్నప్పుడు నన్ను పట్టుకున్న విషయం ఏమిటంటే, నార్న్ గోడకి గుద్దుకోవడం గురించి ఈ మూడు గళ్ళలో మూడోదొక్కటే తేలిగ్గా నింపగలం. మొదటిది కష్టం, ఎందుకంటే ఏ రెండు నార్న్‌ల బతుకూ ఒకటి కాదు. రెండోదైతే ఇంకా చిక్కు. 'నిజానికి ఏం జరగాలి?' అన్నది ఎవర్ని అడగాలి? చేసినవాణ్ణా, ఆడేవాణ్ణా, నార్న్‌నా?

ఒకే నెలలో రెండు పెంపుడు జంతువులు

చిత్రమేమిటంటే, అదే 1996 నవంబరులో, 23వ తేదీన, జపాన్‌లో బందాయ్ కంపెనీ టమగోచిని అమ్మకానికి పెట్టింది. గుడ్డు ఆకారంలో, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే బొమ్మ. దాని ఆకలిని నాలుగు గుండె గుర్తులతో చూపిస్తారు. కాలం గడిచేకొద్దీ గుండెలు ఖాళీ అవుతాయి, బటన్ నొక్కి తిండి పెడితే నిండుతాయి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. ప్రపంచమంతా దాని వెంట పడింది, పిల్లలు బడికి తెస్తున్నారని టీచర్లు తల పట్టుకున్నారు.

టమగోచి ఏం చేయాలో ముందే రాసి పెట్టి ఉంటుంది. గుండెలు ఖాళీ అయితే కూత పెట్టు, ఇన్నిసార్లు పట్టించుకోకపోతే ఫలానా రూపంలోకి మారు. అది పిచ్చిగా ప్రవర్తిస్తే తప్పు ఏ వరసలో ఉందో వెతికి పట్టుకోవచ్చు. కాబట్టి టమగోచికి బగ్ రావచ్చు గానీ జబ్బు రాదు.

నార్న్ కథ వేరు. దాని సృష్టికర్త స్టీవ్ గ్రాండ్, కేంబ్రిడ్జ్‌లోని మిలీనియం ఇంటరాక్టివ్ అనే సంస్థలో ప్రోగ్రామర్. గ్రాండ్ ప్రవర్తనని రాయలేదు, ప్రవర్తించే సామగ్రిని రాశాడు. 1997లో డేవ్ క్లిఫ్, అనిల్ మల్హోత్రాలతో కలిసి రాసిన పరిశోధన పత్రంలో లెక్కలిచ్చాడు: ఒక్కో నార్న్ మెదడులో సుమారు 1,000 న్యూరాన్లు, అవి 9 భాగాలుగా, వాటి మధ్య దాదాపు 5,000 బంధాలు. శరీరంలో రసాయనాలు, వాటి మధ్య చర్యలు. వీటన్నిటినీ నిర్ణయించే 320 జన్యువులు. ఆడా మగా కలిస్తే జన్యువులు తెగి అతుక్కుంటాయి, అప్పుడప్పుడూ మార్పు చెందుతాయి. మనిషి మెదడుతో పోలిస్తే ఇది ఈగ రెక్క కూడా కాదు. కానీ ఆనాటి ఇళ్ళలోని పెంటియం కంప్యూటర్ మీద అలాంటివి అరడజను ఒకేసారి తిరుగుతుంటే అది చిన్న విషయం కాదు.

నార్న్‌కి ఆకలి, నొప్పి, విసుగు, ఒంటరితనం, భయం లాంటి కోరికలూ బాధలూ ఉంటాయి. అవన్నీ రసాయనాలే. ఒక పని చేశాక వాటిలో ఏదైనా తగ్గితే మెదడులో మెచ్చుకోలు రసాయనం ఊరుతుంది, పెరిగితే శిక్ష రసాయనం ఊరుతుంది. మన చక్కిలిగింతా, మన దెబ్బా చేసేది కూడా ఇదే పని. ఆ క్షణానికి ముందు మెదడులో వెలిగి ఉన్న బంధాలు ఆ మేరకు బలపడతాయి లేదా బలహీనపడతాయి. అంతే. 'ఆకలేస్తే తిను' అనే ఆజ్ఞ ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. దానికి దగ్గరగా ఉండేవి సహజాత జన్యువులు. అవి కూడా ఆజ్ఞలు కావు. నార్న్ నిద్రపోయి కలగంటున్నప్పుడు, 'ఆకలిగా ఉన్నప్పుడు ఇది తిన్నాను, బాగుంది' అన్న అనుభవాన్ని కలలో జరిపించేస్తాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మన సామెత. నార్న్ విషయంలో ఆ సామెత చెల్లదు. కలలో నేర్చుకున్నదాన్ని మెలకువలో బతుకు చెరిపేయగలదు.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. ఒక నార్న్ విసుగ్గా ఎడమవైపు నడుస్తోంది. అదే సమయానికి, నడకతో సంబంధం లేకుండా, ఏదో ఒక బాధ కాస్త తగ్గింది. మెచ్చుకోలు రసాయనం ఊరింది. ఎందుకు ఊరిందో మెదడుకి తెలియదు. తెలిసిందల్లా ఆ క్షణంలో తాను ఎడమవైపు నడుస్తున్నానన్నదే. రెండోసారి కూడా అలా కలిసొస్తే ఎడమవైపు నడవడం ఒక మొక్కుబడి అయిపోతుంది. గోడ అడ్డొచ్చినా ఆగదు. ఏ వరసలోనూ తప్పు లేదు. ప్రతి న్యూరానూ తన పని తాను చేసింది. అలా నేర్చుకునే ఏ జీవికైనా ఈ గోడ ఎక్కడో ఒకచోట ఎదురవక తప్పదు.

పావురం, రకూన్, పంది

ఇదంతా కంప్యూటర్లకే పరిమితమైన గొడవ అనుకుంటే పొరపాటు. 1948లో బి. ఎఫ్. స్కిన్నర్ ఆకలితో ఉన్న పావురాల్ని పెట్టెలో ఉంచి, అవి ఏం చేస్తున్నాయన్నదానితో నిమిత్తం లేకుండా, ఇంత సేపటికోసారి తిండి వచ్చేలా ఏర్పాటు చేశాడు. కొన్నాళ్ళకి ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఇంకోటి పెట్టె మూలకి తల విసరడం మొదలెట్టింది. తిండి వచ్చిన క్షణంలో తాము ఏం చేస్తున్నాయో, దానివల్లే తిండి వచ్చిందని వాటి లెక్క. స్కిన్నర్ దీనికి మూఢనమ్మకం అని పేరు పెట్టాడు. తర్వాతి వాళ్ళు ఆ వివరణతో పేచీ పడ్డారు గానీ, ఆ పావురాల పక్కన నార్న్‌ని నిలబెడితే చుట్టరికం కనపడుతుంది.

నాకు ఇంతకంటే ఇష్టమైన కథ బ్రెలండ్ దంపతులది. కెల్లర్ బ్రెలండ్, మేరియన్ బ్రెలండ్ ఇద్దరూ స్కిన్నర్ శిష్యులు. గురువు దగ్గర నేర్చుకున్న విద్యతో ప్రదర్శనలకీ ప్రకటనలకీ జంతువులకి తర్ఫీదిచ్చే వ్యాపారం పెట్టారు. ఒక రకూన్‌కి నాణేలు తీసి డబ్బాలో వెయ్యడం నేర్పబోయారు. ఒక నాణేన్ని వదలడానికి తటపటాయించినా చివరికి డబ్బాలో వేసింది. రెండు ఇచ్చేసరికి వాటిని వదలదు. లోభివాడిలా ఒకదానికొకటి రుద్దుతూ కూర్చుంటుంది. రకూన్లు తమ ఆహారాన్ని అలాగే రుద్ది కడుగుతాయి. పందికి చెక్క నాణేలు మోసుకెళ్ళి డబ్బాలో వెయ్యడం నేర్పారు. మొదట్లో హుషారుగా చేసింది. కొన్ని వారాలకి నాణేన్ని దారిలో పడేసి, మూతితో పొర్లించి, పైకెగరేసి, మళ్ళీ పొర్లించడం మొదలుపెట్టింది. దానివల్ల తిండి ఆలస్యమవుతున్నా మానలేదు. మొదట చక్కగా నేర్చుకుని, తర్వాత పాడైపోవడం. గంట మొద్దుతనానికి ఇది అసలు సిసలు అన్నయ్య.

1961లో వాళ్ళు ఈ అనుభవాలన్నీ ఒక వ్యాసంగా రాశారు. గురువుగారి 1938 నాటి పుస్తకం పేరు 'జీవుల ప్రవర్తన' అని అర్థమొచ్చేది. శిష్యులు తమ వ్యాసానికి 'జీవుల దుష్ప్రవర్తన' అని అర్థం వచ్చేలా పేరు పెట్టారు. వాళ్ళు చెప్పింది ఇది: జంతువు ఖాళీ పలక కాదు, దానికి తనదైన స్వభావం ఒకటి ఉంది, మనం నేర్పినదాన్ని అది మెల్లగా తనవైపు లాక్కుంటుంది. అంటే ఆ పంది చేసింది శిక్షకుడి లెక్కలో తప్పు, పంది లెక్కలో పందితనం.

తప్పు జీవిదా, లోకానిదా?

కృత్రిమ జీవుల చరిత్రలో తప్పు ఎప్పుడూ జీవిలోనే ఉండదు. 1994లో కార్ల్ సిమ్స్ కంప్యూటర్‌లో దిమ్మెల్లాంటి శరీరాలున్న జీవుల్ని పరిణామ పద్ధతిలో పెంచాడు. వేగంగా కదిలినవాటికే సంతానం. తీరా చూస్తే, నడవడం నేర్చుకోకుండా, ఉన్న ఎత్తు నుంచి పడిపోయి ఆ పడిన వేగాన్నే తమ వేగంగా చూపించే దారి ఒకటుంది. దాన్ని మూసేయడానికి, ముందు జీవిని కదలకుండా ఉంచి, పడేదేదో పడిపోయాక అప్పుడు లెక్క మొదలుపెట్టాల్సి వచ్చింది. తన పత్రంలో ఆయన ఒక హెచ్చరిక కూడా చేశాడు: భౌతిక సూత్రాల లెక్కలో చిన్న లొసుగున్నా సరే, పరిణమించే జీవులు దాన్ని కనిపెట్టి వాడుకోకుండా ఉండవు. మన దగ్గర ఫారం నింపేచోట చిన్న సందుంటే జనం దాన్ని ఎలా కనిపెడతారో గుర్తు తెచ్చుకోండి. ఆ జీవుల మీద కోపం రాదు.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ పిల్లులు. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కడుతూ వచ్చిన ఆట అది. 2015 డిసెంబరులో దాంట్లోకి కల్లుపాకలు వచ్చాయి. వచ్చిన కొద్ది రోజులకే ఆడేవాళ్ళకి పాకల్లో పిల్లులు వాంతులతో చచ్చిపడి కనిపించాయి. ఆరా తీస్తే కథ ఇలా తేలింది. తాగేవాళ్ళు నేల మీద బీరు ఒలకబోస్తారు. పిల్లి దాని మీద నడుస్తుంది, కాళ్ళకి అంటుకుంటుంది. పిల్లి కదా, కాళ్ళు నాకి శుభ్రం చేసుకుంటుంది. నాకినంత బీరు కడుపులోకి పోతుంది. ఎంత మందు ఎక్కిందన్నది ఒంటి బరువుని బట్టి లెక్క. ఒకే ఒక్క లోపం: పాదానికంటిన తడిని ప్రోగ్రాం ఒక నిండు లోటాగా లెక్కపెట్టింది. ఇక్కడ పిల్లి తప్పేమీ చెయ్యలేదు. పిల్లి అచ్చం పిల్లిలా ప్రవర్తించింది కాబట్టే చచ్చిపోయింది. దీన్ని నిస్సందేహంగా బగ్ అనొచ్చు, మూడు గళ్ళూ నింపొచ్చు, సరిచేయొచ్చు. ఆడమ్స్ సరిచేశాడు కూడా.

నార్న్‌ది ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. సిమ్స్ జీవుల్లా అది లోకాన్ని మోసం చేసి లాభపడటం లేదు. పిల్లిలా లోకం దాన్ని మోసం చేయడమూ లేదు. తన అనుభవమే తనని మోసం చేసింది.

ఇంజినీరు మాట, డాక్టరు మాట

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఆ పేరు. వన్ అవర్ స్టుపిడిటీ సిండ్రోమ్. పేరులో వెక్కిరింపుంది, నిజమే. కానీ చివరి మాట చూడండి, సిండ్రోమ్. అది డాక్టరు మాట. ఆడేవాళ్ళు కంపెనీకి ఉత్తరం రాసి, సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. లక్షణాలు రాసుకున్నారు, ఏ నార్న్‌కి ఎప్పుడొచ్చిందో పోల్చుకున్నారు, జన్యువులు విప్పి చూశారు. నార్న్‌ల జన్యువుల్ని మార్చే పనిముట్లు అందుబాటులో ఉండేవి. వాటితో, ఈ జబ్బు రాని నార్న్‌లని కొత్తగా తయారుచేశారు. ఆ జాతికి 'కానీ నార్న్‌లు' అని పేరు. స్కాట్లండ్ వాడుకలో కానీ అంటే తెలివీ జాగ్రత్తా ఉన్నదని అర్థం. బగ్ అయితే ప్రోగ్రాంని మారుస్తాం. వీళ్ళు ప్రోగ్రాంని ముట్టుకోలేదు, సంతానాన్ని మార్చారు.

అన్ని తేడాలూ జబ్బులుగా లెక్కకి రాలేదు. నార్న్‌కి వయసు ఒక రసాయనం మెల్లగా తరిగిపోవడం వల్ల వస్తుంది. జన్యువు మారి అది తరగకపోతే నార్న్ ముసలిదవదు, చావదు. అలాంటివి పుట్టినప్పుడు ఆడేవాళ్ళు మురిసిపోయి హైలాండర్లు అని పిలుచుకున్నారు. చావని నార్న్ కూడా లెక్క ప్రకారం తప్పే. గోడకి గుద్దుకునే నార్న్ ఎంత తప్పో అంతే. ఒకదానికి వైద్యం, ఇంకోదానికి ముద్దుపేరు. రెండో గడిలో రాసేది మన కోరికేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

1990ల చివర్లో ఒకాయన నార్న్‌లని అదేపనిగా కొట్టి, హింసించి, వాటి స్థితిని అందరికీ చూపించాడు. ఆడేవాళ్ళలో చాలామంది మండిపడ్డారు, తిడుతూ ఉత్తరాలు రాశారు. ఇంకొందరు ఆ నార్న్‌లని తమ కంప్యూటర్లలోకి తెచ్చుకుని మామూలు మనుషులు, క్షమించాలి, మామూలు నార్న్‌లు చెయ్యాలని చూశారు. నవ్వొస్తుంది. అయితే నవ్వేముందు ఒకటి గమనించాలి. దెబ్బలు తిన్న నార్న్‌కీ గంట మొద్దుతనం వచ్చిన నార్న్‌కీ బయటికి కనిపించే లక్షణాల్లో పెద్ద తేడా ఉండదు. తిండి ముట్టదు, దిక్కుతోచక తిరుగుతుంది. ఒకదాని వెనక క్రూరత్వం ఉంది, ఇంకోదాని వెనక జన్యువుల అమరిక ఉంది. అందులోనూ ఆ అమరికని చేసినవాళ్ళు మనుషులే.

నార్న్ నిజంగా బాధపడిందా? నేను అలా అనుకోను. వెయ్యి న్యూరాన్ల మెదడులో ఒక అంకె పెరిగితే దాన్ని ఆకలి అని పిలిచింది మనం. గ్రాండ్ బృందం కూడా ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంది. నార్న్‌లు కలిసి బంతాట ఆడుతున్నట్టూ, ఒకటి ఇంకోదాని వెంట విఫలప్రేమతో తిరుగుతున్నట్టూ కనిపించాయని రాస్తూనే, ఇందులో నిజంగా ఉన్నదెంత, చూసేవాళ్ళు మనుషుల గుణాలు అంటగట్టడం వల్ల ఉన్నదెంత అన్నది తేల్చడం చాలా కష్టమని అదే చోట ఒప్పుకున్నారు. అయితే ఈ జాగ్రత్త రెండు వైపులా కోస్తుంది. బంతాట మన ఊహే అయితే, మొద్దుతనం కూడా మన ఊహే కావచ్చు. దాని దృష్టిలో అది ఎడమవైపు నడుస్తోంది, అంతే.

పడవ మండుతోంది, స్కోరు పెరుగుతోంది

ఇదంతా పాత ఆటల ముచ్చట కదా, ఇప్పుడెందుకు అంటే ఒక కారణముంది. గ్రాండ్ నార్న్‌కిచ్చిన మెచ్చుకోలు, శిక్షల పద్ధతి ఇవాళ మా రంగంలో చాలా పెద్ద యంత్రాల కింద ఇరుసులా తిరుగుతోంది. 2016 డిసెంబరులో ఓపెన్ ఏఐ సంస్థ ఒక చిన్న ప్రయోగం గురించి రాసింది. కోస్ట్ రన్నర్స్ అనే పడవ పందెం ఆటని ఒక ప్రోగ్రాంకి నేర్పారు. పందెం ముగించాలన్నది మనుషుల ఉద్దేశం. కానీ మెచ్చుకోలు ఇచ్చింది స్కోరుని బట్టి. ఆ పడవ ఒక మడుగులోకి పోయి, అక్కడ మళ్ళీ మళ్ళీ మొలిచే మూడు గురుతుల్ని కొడుతూ గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మంటలంటుకున్నా, మిగతా పడవల్ని గుద్దుకున్నా, ఎదురుదిక్కున పోతున్నా ఆగలేదు. పందెం ఎప్పటికీ పూర్తి చెయ్యలేదు. మనుషుల కంటే సగటున 20 శాతం ఎక్కువ స్కోరు మాత్రం తెచ్చుకుంది.

నార్న్‌ని చూసిన కళ్ళతో ఈ పడవని చూస్తే ఒక తేడా తెలుస్తుంది. ఈ పడవ గురించి రాసినవాళ్ళు తప్పు మెచ్చుకోలు లెక్కలో ఉందని సరిగ్గానే చెప్పారు. అంటే తప్పు మనది. మనం కోరుకున్నది ఒకటి, కొలిచింది ఇంకొకటి. ఇది నిజాయితీగల ఇంజినీరు మాట. క్రీచర్స్ ఆడినవాళ్ళకి దీనితో పాటు ఇంకో బాధ్యత కూడా తెలుసు. లెక్క సరిచేసేలోపు, ఇప్పుడు, ఈ గోడ దగ్గర నిలబడ్డ ఈ నార్న్‌ని ఏం చెయ్యాలి? కొత్త జాతి తయారయ్యేదాకా పాతవాటిని చెరిపేయడం చాలా తేలిక. చాలామంది అలా చెయ్యలేదు. చేతి గుర్తుతో తిండి తెచ్చి దాని ముందు పెట్టేవారు, ఆ మాట మళ్ళీ టైప్ చేసేవారు, తింటే చక్కిలిగింత పెట్టేవారు. తినకపోతే మళ్ళీ పెట్టేవారు.

ఆ ఓపిక దేనిమీద? ప్రాణమున్నదని నమ్మి కాదు, వాళ్ళలో చాలామందికి ప్రాణం లేదని తెలుసు. తాము పెంచింది కాబట్టి. దాని తప్పులో తమ చక్కిలిగింతలకీ తమ దెబ్బలకీ వాటా ఉంది కాబట్టి. నేర్చుకునే యంత్రాన్ని తయారుచేస్తే దాని తప్పుల్ని రాసిపెట్టడానికి మా మూడు గళ్ళ కాగితం చాలదు. నాలుగో గడి ఒకటి కావాలి: దీన్ని ఇలా ఎవరు పెంచారు?